గుర్రాలు కొనే ముందు ఏడాది పాటు శాలలో పని

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఫైనలియర్. రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. శంకర్‌పల్లి దగ్గర మాకున్న రెండెకరాల్లో రైడింగ్ స్కూల్ పెడతానని, ఆరు గుర్రాలు కొనిపెట్టమని పట్టుబడుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. దీనికోసం ఏం చదివించాలి? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ముందు డిగ్రీ పూర్తి చేయనివ్వండి. బీకాం ఈ వ్యాపారానికి బాగా అక్కరకొచ్చే చదువు. స్వారీలో ఆరితేరినవాళ్లు కూడా దెబ్బతినేది లెక్కల దగ్గరే.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. సుమారు 450 కిలోల గుర్రానికి గడ్డి, దాణా కలిపి రోజుకు తొమ్మిది పది కిలోలు కావాలి. పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. గుర్రాల ఆలనాపాలనా చూసే సయీసు జీతం, లాడాల ఖర్చు వేరే. క్లాసు జరిగినా జరగకపోయినా ఇవేవీ ఆగవు. రాబడి మాత్రం ఆగుతుంది. వచ్చేది ఎక్కువగా స్కూలు పిల్లలు. పరీక్షలప్పుడు రారు. వానపడి మైదానం బురదైతే క్లాసే ఉండదు. మే నెలలో ఎండెక్కాక గుర్రాన్ని పనికి తీయకూడదు. పైగా ఒక్కో గుర్రం చేత రోజుకు రెండు మూడు గంటలకు మించి క్లాసులు చేయించడం తగదు కాబట్టి, పిల్లలు ఎంతమంది వచ్చినా రాబడికి ఒక హద్దుంటుంది. ఆరు గుర్రాల్లో ఒకటి విశ్రాంతిలో ఉంటుంది, ఇంకొకటి కాలు నొప్పితో నిలబడిపోతుంది. అందుకని ఫీజుల లెక్క నాలుగింటితోనే వేయమనండి.

ఇక నేర్చుకోవడం. మంచి రైడింగ్ స్కూల్లోనో, మలక్‌పేట రేస్‌కోర్సులో ఎవరైనా ట్రైనర్ దగ్గరో ఏడాది పాటు పని చేయాలి. జీతం తక్కువైనా ఫర్వాలేదు. తెల్లవారి శాలలోకి రాగానే అనుభవమున్న సయీసు ముందుగా లద్దె చూస్తాడు. రాత్రంతా లద్దె వేయకుండా, ముందుకాలితో నేల గీరుతూ, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూసుకుంటుంటే కడుపునొప్పి మొదలైనట్టే. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగు మెలిపడితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మేత తీసేసి వెంటనే డాక్టర్‌ని పిలవాలి. ఈ చూపు తరగతి గదిలో రాదు, సయీసు పక్కన నిలబడితేనే వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం, ఏటా ధనుర్వాతం టీకా వేయించడం కూడా అక్కడే అలవాటవుతాయి.

సర్టిఫికెట్ కావాలంటే బ్రిటిష్ హార్స్ సొసైటీ దశలవారీగా పరీక్షలు పెడుతుంది. అందులో స్వారీ, సంరక్షణ, బోధన వేర్వేరు. మీ అమ్మాయి సంరక్షణతో మొదలుపెట్టాలని నా సలహా.

కొనేటప్పుడు మోజు పనికిరాదు. చెవులు లోపలికి వంగిన మార్వాడీ జాతి పోతుగుర్రం ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. పదేళ్ల పిల్లను ఎక్కించడానికి మాత్రం నిదానమైన, వయసు మళ్లుతున్న, విత్తులు తీయించిన గుర్రం కావాలి. రేసుల నుంచి తప్పించినవి చవగ్గా దొరుకుతాయి గానీ, వాటికి నెమ్మదిగా నడవడం నేర్పడానికే నెలలు పడుతుంది. ఏది కొన్నా ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష తప్పనిసరి. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. నిర్ధారణ అయితే ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే, మిగతావాటి కదలికలపైనా ఆంక్షలు పడతాయి. దీన్ని నిర్ధారించే జాతీయ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది.

ఏడాది తర్వాత కూడా మీ అమ్మాయి ఇదే మాట మీద ఉంటే రెండు గుర్రాలతో మొదలుపెట్టనివ్వండి. ఆరు నెలల మేత ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి. ఆ రెండెకరాలను మాత్రం తాకట్టు పెట్టొద్దు.