సైటేషన్లు ఎక్కువున్న శాస్త్రవేత్త దగ్గర పీహెచ్‌డీకి చేరవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక శాస్త్రవేత్త క్యాన్సర్ బయాలజీ, న్యూరోసైన్స్ రెండింట్లోనూ పేపర్లు వేశారు, పరిశోధన పేపర్లను వెతికే గూగుల్ స్కాలర్‌లో వేల సైటేషన్లు (అంటే ఇతరులు తమ పేపర్లలో ఆయన పేపర్లను ఉదహరించిన లెక్క) కనిపిస్తున్నాయి, ఆ అంకెను నమ్మి చేరిపోవచ్చా అని. సరిగ్గా అలాగే చేరి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

నేను చేరిన ల్యాబ్ గైడ్‌కు సైటేషన్లు బోలెడు. చేరిన ఆర్నెల్లకు తీరిగ్గా కూర్చుని పేపర్ల జాబితా తెరిచాను. సగానికి పైగా సైటేషన్లు రెండంటే రెండు పేపర్లవి. ఒకటి పదుల సంఖ్యలో ల్యాబ్‌లు కలిసి చేసిన పెద్ద ప్రాజెక్టు, అందులో మా గైడ్ పేరు ఎక్కడో మధ్యలో ఉంది. రెండోది ఎప్పుడో రాసిన రివ్యూ, అంటే ఇతరుల పరిశోధనలను సమీక్షించే వ్యాసం. ఎవరూ అబద్ధమాడలేదు, ముందే చూసుకోనిది నేనే.

జీవశాస్త్రంలో పేర్ల వరుసకు అర్థం ఉంటుంది. సాధారణంగా మొదటి పేరు బెంచి దగ్గర ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. మీరు చూస్తున్న వ్యక్తి చివరి పేరుగా ఉన్న సొంత పరిశోధన పేపర్లు గత అయిదేళ్లలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. హెచ్-ఇండెక్స్‌కు ఈ తేడా తెలియదు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత అది. హెచ్-ఇండెక్స్ 40 అంటే కనీసం 40 సైటేషన్లు వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని, అంతే. పైగా అది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, మనిషి రిటైరయ్యాక కూడా.

రెండు రంగాల్లో కాలు పెట్టారు కదా, లోతు ఉండదేమో అన్న అనుమానం మాత్రం వద్దు. ఆ రెండూ మొదట్నుంచీ చుట్టాలే. ఎలుక కణితి ముక్కను కోడిపిండంలో పెడితే నరాల పోగులు విపరీతంగా పెరగడం గమనించే రీటా లెవీ-మోంటాల్చినీ నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ (నరాలను పెంచే ప్రొటీన్) దాకా వెళ్లారు, 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌లో దొరికిన టీఆర్‌కే అనే జన్యువు తీరా చూస్తే ఆ ఫ్యాక్టర్‌కు గ్రాహకాన్ని (కణం మీద దాన్ని అందుకునే ప్రొటీన్‌ను) తయారుచేసేదేనని 1991లో తేలింది. ఆ దారిలోనే టీఆర్‌కేను అడ్డుకునే లారోట్రెక్టినిబ్ అనే క్యాన్సర్ మందు వచ్చి 2018లో అమెరికాలో అనుమతి పొందింది. మీరు చూడాల్సింది మీరు చేరాలనుకుంటున్న శాస్త్రవేత్త పేపర్లలో రెండు రంగాలనూ కలిపే ఇలాంటి దారం ఏదైనా ఉందా, లేక నిధులు ఎటుంటే అటు మళ్లారా అన్నది.

సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకోవడమూ పొరపాటే. అల్జైమర్స్‌పై నేచర్ అనే సైన్స్ పత్రికలో 2006లో వచ్చిన ఒక పేపర్‌ను వేల పేపర్లు ఉదహరించాక, చిత్రాలను మార్చారని తేలి 2024లో వెనక్కి తీసుకున్నారు. ఆ సైటేషన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

నా సంగతే చూడండి. నా పేపర్లలో అందరూ వాడేది మెదడు ముక్కలకు రంగు వేసే ఓ పద్ధతి, 'ఫలానా పద్ధతిలో చేశాం' అని ఒక్క వాక్యంలో ఉదహరించి వదిలేస్తారు. నాలుగేళ్లు చచ్చీచెడీ చేసిన పేపర్‌కు వచ్చినవి పదకొండు. కానీ ఆ పదకొండులో మూడు ల్యాబ్‌లు మా ఫలితాన్ని మళ్లీ చేసి చూసి, అక్కణ్ణుంచి ముందుకెళ్లాయి. ఈ తేడా తెలియాలంటే 'సైటెడ్ బై' నొక్కి, నాలుగైదు పేపర్లు తెరిచి, ఆ ఒక్క వాక్యమూ చదవాలి. గంట పని. పనిలో పనిగా అదే పేరున్న వేరే మనిషి పేపర్లు ప్రొఫైల్లో కలిసిపోయాయేమో కూడా చూసుకోండి, ఇది తరచూ జరిగేదే.

ఇదంతా అయ్యాక, ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్లినవాళ్లలో ఇద్దరికి మెయిల్ రాయండి. మొదటి పేపర్ బయటికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందని అడగండి. నేను అడగలేదు. నాకు అయిదున్నర పట్టింది.