లైన్‌బ్యాకర్ చూపు బంతి మీద ఉండదు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ పని గురించి, ఆ స్థానంలో ఆడే వాళ్ల కెరీర్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్ర: ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లు ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. డిఫెన్స్ మధ్యలో నిలబడి, బంతి కదలకముందే చేతులు ఊపుతూ కేకలు వేసే ఆటగాడు చేసే పనేమిటి? (హైదరాబాద్)

జ: అతను మిడిల్ లైన్‌బ్యాకర్. జట్లలో ‘మైక్’ అని పిలుస్తారు. ముందు వరుసలోని భారీకాయులకు వెనక, బంతి పెట్టిన చోటికి నాలుగైదు గజాల దూరంలో నిలబడతాడు. హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉందేమో చూడండి. ఉంటే ఆ హెల్మెట్‌లో రేడియో ఉన్నట్టు. డిఫెన్స్‌లో ఒకరికి ఈ సౌకర్యం 2008 నుంచి ఉంది. కోచ్ చెప్పిన ఎత్తుగడ విని, మిగతా పదిమందికీ అతనే అందిస్తాడు. అయితే తర్వాతి ఆట మొదలుపెట్టడానికి గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదుటి జట్టు ఆటగాళ్ల స్థానాలు మారిస్తే, మనవాళ్లను సర్దాల్సింది అతనొక్కడే. మీరు చూసిన కేకలు అవే.

బంతి కదిలాక అతని చూపు బంతి మీద ఉండదు. ఎదుటి జట్టు ముందు వరుసలో తనకు ఎదురుగా ఉన్న గార్డ్ మీద, అతని భుజం మీదుగా రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) మీద ఉంటుంది. గార్డ్ తల వంచి ముందుకు దూకితే పరుగు. నడుము ఎత్తి వెనక్కి అడుగేస్తే పాస్. పక్కకు తిరిగి పరుగెత్తితే బంతి కూడా ఎక్కువసార్లు అటే వెళ్తుంది, కాబట్టి లైన్‌బ్యాకర్ కూడా ఆ వైపే కదలాలి. దీన్నంతా అర సెకనులో తేల్చుకోవాలి.

తప్పు జరిగేదీ ఇక్కడే. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్, రన్నింగ్ బ్యాక్‌కు బంతి ఇచ్చినట్టు నటిస్తాడు. లైన్‌బ్యాకర్ నమ్మి రెండడుగులు ముందుకేస్తాడు. అతని వెనక ఖాళీ అయిన చోటికి పాస్ వెళ్లిపోతుంది. మంచి జట్లయితే గార్డ్ చేత కూడా పరుగు ఆటలాగే నటింపజేస్తాయి. అందుకే గార్డ్ ఒక్కడినే నమ్ముకున్నా గట్టెక్కలేరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ విసరకముందు లైన్‌మెన్ (గార్డ్ లాంటి ముందు వరుస ఆటగాళ్లు) బంతి పెట్టిన చోటి నుంచి ఒక గజం దాటి ముందుకు పోకూడదు. కాలేజీ ఆటలో మూడు గజాల దాకా పోవచ్చు. ఆ రెండు గజాల తేడా వల్ల కాలేజీ లైన్‌బ్యాకర్ ఇంకా ఎక్కువగా మోసపోతాడు.

ప్ర: ల్యూక్ కీక్లీ అంత గొప్ప ఆటగాడైతే 28 ఏళ్లకే ఎందుకు మానేశాడు? ఒంట్లో సత్తా ఉండగా వదిలేయడం తొందరపాటు కాదా? (షార్లెట్, నార్త్ కరోలినా)

జ: కాదు. ఆ నిర్ణయం సరైనదనే మా అభిప్రాయం.

కీక్లీ బోస్టన్ కాలేజీకి మూడేళ్లలో 532 టాకిల్స్ (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) చేసి, 2012 డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) తొమ్మిదో ఎంపికగా మీ ఊరి పాంథర్స్‌కు వచ్చాడు. మొదట అంచు లైన్‌బ్యాకర్‌గా ఆడించారు. జాన్ బీసన్ గాయపడ్డాక మధ్యకు తెచ్చారు. ఆ ఏడాది 164 టాకిల్స్‌తో లీగ్ మొత్తంలో మొదటి స్థానం అతనిదే. 2013లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం వచ్చింది. ఎదుటి జట్ల వీడియోలు అంతగా చూసేవాడు కాబట్టే, బంతి కదలకముందే ‘ఈసారి ఇది ఆడబోతున్నారు’ అని అరిచి చెప్పగలిగేవాడు. 2016 జనవరిలో వరుసగా రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్ల పాస్ పట్టుకుని టచ్‌డౌన్‌గా మార్చాడు. తర్వాత లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 50లో పాంథర్స్ 24-10తో బ్రాంకోస్ చేతిలో ఓడిపోయింది.

ఇక రెండో వైపు చూడండి. 2015 సీజన్ తొలి మ్యాచ్‌లో కన్‌కషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం. మూడు మ్యాచ్‌లు ఆడలేదు. 2016 నవంబరులో మరొకటి. మైదానంలోనే ఆపుకోలేక ఏడ్చాడు, ఆ సీజన్‌లో మిగిలిన ఆరు మ్యాచ్‌లూ ఆడలేదు. 2017 అక్టోబరులో ఇంకొకటి. తర్వాతి రెండు సీజన్లు పూర్తిగా ఆడి, 2020 జనవరి 14న విరమించాడు. వేగంగా, బలంగా, దూకుడుగా ఆడటమే ఈ ఆటకు తనకు తెలిసిన ఏకైక పద్ధతి అని, ఇక అలా ఆడగలనని అనిపించడం లేదని చెప్పాడు. అప్పటికి 118 మ్యాచ్‌లు ఆడాడు.

లైన్‌మన్ ఎదుటివాడిని అడుగు దూరం నుంచి తాకుతాడు. లైన్‌బ్యాకర్ అయిదు గజాలు పరుగెత్తి వచ్చి తాకుతాడు, ఎదురుగా వచ్చేవాడూ పరుగులోనే ఉంటాడు. రెండు వేగాలూ కలుస్తాయి. ఇరవై సీజన్లు ఆడిన లైన్‌బ్యాకర్ జూనియర్ సేయావ్ 2012లో 43 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. తర్వాతి పరీక్షల్లో అతని మెదడులో, తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే క్షీణ వ్యాధి ఉన్నట్టు తేలింది. ఇది తెలిసిన తరం కీక్లీది.

ప్ర: మా అబ్బాయి హైస్కూల్ జట్టులో లైన్‌బ్యాకర్. మాన్పించే ఉద్దేశం లేదు గానీ భయం మాత్రం ఉంది. ప్రాక్టీసులో ఏం గమనించాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జ: మీ భయం సబబైనదే అండి. ముందు టాకిల్ చూడండి. దగ్గరకు వచ్చేటప్పుడు చివరి రెండు మూడు గజాల్లో అడుగులు చిన్నవి కావాలి. వీపు నిటారుగా, మోకాళ్లు వంచి, కళ్లు పైకి ఉండాలి. కబడ్డీలో రైడర్‌ను పట్టేవాడిలాగే చూపు ఎదుటివాడి నడుము మీద ఉండాలి, ఎందుకంటే తల, భుజాలు మోసం చేసినంతగా నడుము చేయలేదు. తగలాల్సింది భుజం. తల ఎదుటివాడి ఒంటికి పక్కన ఉండాలి. రెండు చేతులూ తొడల చుట్టూ బిగించి, కాళ్లు ఆపకుండా నెట్టుకుంటూ పోవాలి.

తల వంచి నడినెత్తితో తాకడమే అన్నిటికన్నా ప్రమాదం. తల వంగితే మెడ వెన్నుపూసల సహజమైన వంపు పోయి నిలువు కర్రలా అవుతుంది, దెబ్బ మొత్తం వెన్నుపాము మీదకు దిగుతుంది. 2017 డిసెంబరులో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ లైన్‌బ్యాకర్ రయన్ షేజియర్ తల వంచి టాకిల్ చేసి వెన్నుపాము గాయంతో కుప్పకూలాడు. తిరిగి నడక నేర్చుకున్నాడు గానీ మళ్లీ ఆడలేదు. 2018 నుంచి తల వంచి హెల్మెట్‌తో తాకడం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫౌల్. మీ అబ్బాయి అలసిపోయాక చేసే టాకిల్స్ ముఖ్యంగా చూడండి. కాళ్లు బరువెక్కితే మోకాళ్లు వంగవు, బదులుగా నడుము, తల వంగుతాయి.

హెల్మెట్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. అది పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. మౌత్‌గార్డ్ పళ్ల కోసం.

దెబ్బ తగిలాక తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే అడగడం, నిద్రలో తేడా కనిపిస్తే ఆ రోజు ఆట ముగిసినట్టే. అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి చట్టం ఉంది. వైద్యసిబ్బంది అనుమతి లేకుండా తిరిగి దింపకూడదు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఒక కంటిపాప పెద్దది కావడం, మూర్ఛ, నిద్ర లేపినా లేవకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయండి.

తిరిగి రావడం మెట్లు మెట్లుగా ఉండాలి: మామూలు రోజువారీ పనులు, తేలిక వ్యాయామం, ఫుట్‌బాల్ కదలికలు, ఒంటికి తగలని ప్రాక్టీసు, పూర్తి ప్రాక్టీసు, ఆ తర్వాతే మ్యాచ్. మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణం తిరిగి వస్తే ఒక మెట్టు వెనక్కి. చోటు పోతుందన్న భయంతో పిల్లలు నొప్పి దాస్తారు. దాస్తే ఎక్కువ రోజులు కూర్చోవాల్సి వస్తుందని ముందే చెప్పి ఉంచండి. మైదానంలో అథ్లెటిక్ ట్రెయినర్ (ఆటగాళ్ల గాయాలు చూసే నిపుణులు) ఉంటారా, వారానికి ఎన్ని రోజులు గట్టిగా తాకే ప్రాక్టీసు పెడతారు, ఈ రెండూ కోచ్‌ను నేరుగా అడగండి.

ప్ర: ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్తే డబ్బుకు లోటుండదు కదా? (గుంటూరు)

జ: పత్రికల్లో వచ్చే మొత్తం వేరు, చేతికి వచ్చేది వేరు. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం సీజన్‌కు 8,40,000 డాలర్లు. అది 53 మంది జట్టులో ఉన్నన్నాళ్లే. శిబిరానికి 90 మందిని పిలుస్తారు, మిగిలినవాళ్లను పంపేస్తారు. డ్రాఫ్ట్ అయినవాళ్ల తొలి ఒప్పందం నాలుగేళ్లు, కానివాళ్లది మూడేళ్లు. ఏజెంటుకు గరిష్ఠంగా 3 శాతం. ఆడిన రాష్ట్రాల్లో చాలావరకు అక్కడి పన్ను కూడా కట్టాలి. సైనింగ్ బోనస్ (ఒప్పందంపై సంతకం చేసినందుకు ఇచ్చే మొత్తం) కూడా పూర్తిగా మనది కాదు. 49ర్స్ లైన్‌బ్యాకర్ క్రిస్ బోర్లాండ్ తల గాయాల భయంతో ఒక్క సీజన్ తర్వాత 2015లో 24 ఏళ్లకే మానేసినప్పుడు, తన 6,17,436 డాలర్ల బోనస్‌లో నాలుగింట మూడు వంతులు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

పెన్షన్‌కు మూడు సీజన్లు లెక్కకు రావాలి. ఇష్టమొచ్చిన జట్టుతో స్వేచ్ఛగా బేరమాడాలంటే నాలుగు కావాలి. అందుకే అంచున ఉన్న ఆటగాడికి మూడో ఏడాది శిబిరం అంత కీలకం.

ప్ర: అయిదడుగుల పది అంగుళాల వాడు లైన్‌బ్యాకర్ కాగలడా? (న్యూజెర్సీ)

జ: కాగలడు. లండన్ ఫ్లెచర్ ఎత్తు అంతే. 1998లో ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. 16 సీజన్లలో ఒక్కటీ తప్పకుండా 256 మ్యాచ్‌లు ఆడాడు. సామ్ మిల్స్ అంతకన్నా అంగుళం తక్కువ, 2022లో ఈ ఆట దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. పొట్టివాడికి దారి సాధారణంగా స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాలు) గుండా ఉంటుంది. కిక్ వెంట పరుగెత్తి టాకిల్ చేయడం, పంట్ (బంతిని ఎదుటి జట్టుకు దూరంగా తన్నే కిక్) కాచుకోవడం. బెంచి మీది లైన్‌బ్యాకర్‌ను ఉంచాలా పంపాలా అని కోచ్‌లు ముందుగా చూసేది దీన్నే. కాబట్టి కాలేజీలోనే కనీసం రెండు స్పెషల్ టీమ్స్‌లో చోటు అడిగి తీసుకోమని చెప్పండి.