బ్రిటిషోళ్లు ఏలని బ్రెజిల్‌లో ఫుట్‌బాల్, ఏలిన మన దగ్గర క్రికెట్టా?

నల్లగొండలో ఖాళీ జాగా దొరికితే పిల్లలు వికెట్లే పాతుతారు, ఎందుకని ఒకరు అడిగారు. నిజమే, మా వాడలోనూ అంతే.

దొరతనం కన్నా వ్యాపారమే ఫుట్‌బాల్‌ను ఎక్కువ దూరం మోసింది. 1863లో లండన్‌లో ఆ ఆటకు నియమాలు రాసినవాళ్లు ఎక్కువగా పెద్దింటి పిల్లలే. 1883లో మిల్లు కార్మికులున్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్, ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో, ఈటన్ బడిలో చదివిన పెద్దింటి వాళ్ల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించింది. రెండేళ్లకు డబ్బు తీసుకుని ఆడటానికీ ఆట పెద్దలు ఒప్పుకోక తప్పలేదు. అప్పటికే బ్రిటిష్ నావికులు, రైల్వే ఉద్యోగులు, బడిపంతుళ్లు ఆటను అర్జెంటీనా దాకా మోసుకుపోయారు. అక్కడ మొదట్లో అది దొరల క్లబ్బుల ఆటే. కానీ గుడ్డలు చుట్టినా బంతే కదా, గోడ దూకి వీధిలో పడింది.

మన దేశంలో దాన్ని ముందు పట్టుకొచ్చింది సైన్యం. 1911లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ ఆటగాళ్లు, ఒకరిద్దరు తప్ప అంతా వట్టికాళ్లతోనే, తెల్ల సైనికుల జట్టును ఓడించి అక్కడి ఫుట్‌బాల్ పోటీ ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచారు.

సికింద్రాబాద్‌లోనూ సైన్యం ఉండే కంటోన్మెంట్ ఉంది. కొలువిచ్చి ఆడించిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ కొట్టింది. పాలమూరు, నల్లగొండల్లో అలా జీతమిచ్చి ఆడించే కొలువులు లేకపోవడమే అసలు తేడా అని నా లెక్క.