ప్లాస్టిక్ సంచి ఊపిరితిత్తి కాదు

"చిన్న కోతతో చేసే గుండె ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడం శిక్షణ బొమ్మల మీద నేర్చుకుంటే చాలదా?" అని అడిగారు. చాలదు. నేను హన్మకొండలో మత్తు డాక్టర్‌ని.

పీజీలో మనిషి రూపంలో ఉండే బొమ్మకు గొంతులోంచి శ్వాస ట్యూబ్ వేయడంలో మా బ్యాచ్‌లో నాదే పైచేయి. అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) నొక్కగానే బొమ్మ లోపల ఊపిరితిత్తులకు బదులు పెట్టిన రెండు ప్లాస్టిక్ సంచులూ ఉబ్బేవి, వదిలితే అణిగేవి. అంతే. ఆ బొమ్మ బీరువా దాటి రావడమే గగనం. ఒక సంచి చిరిగితే ప్లాస్టర్ అంటించి నడిపించారు. లక్షలు పోసి కొన్నది ఇన్‌స్పెక్షన్ రోజున చూపించడానికేనా?

తర్వాత ఒక పెద్ద ఆస్పత్రిలో చేరాను. గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) ఆపరేషన్ కేసు. ఛాతీ మధ్య ఎముక కోయరు, కుడి పక్కటెముకల మధ్య 6 సెంటీమీటర్ల కోత. సర్జన్‌కు దారి కావాలంటే కుడి ఊపిరితిత్తి ముడుచుకోవాలి, పేషెంట్‌కు ఎడమదానితోనే గాలి అందాలి. అందుకే డబుల్ ల్యూమెన్ ట్యూబ్, అంటే రెండు ఊపిరితిత్తులకూ వేర్వేరు దారులున్న గొట్టం. స్కోప్‌తో (సన్నటి కెమెరా గొట్టంతో) చూసి సరిగ్గానే పెట్టాను. కుడి వీపు కింద దిండు సర్దేటప్పుడు మెడ వంగి ట్యూబ్ లోపలికి జారింది. కుడివైపు గాలి ఆపగానే వెంటిలేటర్‌లో గాలి ప్రెషర్ 38కి ఎక్కింది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84కు పడింది.

నా టెన్షన్ చూసి సీనియర్ మేడమ్ "మిషన్ వదిలెయ్, బ్యాగ్ చేత్తో పట్టుకో" అన్నారు. నొక్కితే గోడను నొక్కినట్టుంది. "చూశావా, ఎడమదాంట్లో కింది సగానికే పోతోంది గాలి" అన్నారు. కుడివైపు మళ్లీ తెరిచి, స్కోప్ వేశాం. ట్యూబ్ కొసన ఉబ్బి ఉండే నీలం కఫ్ (గాలి బుడగ) లోతుకు పోయి ఎడమ ఊపిరితిత్తి పై భాగం దారి మూసేసింది. ఒక సెంటీమీటర్ వెనక్కి లాగాం. అదే బ్యాగ్ నా గుప్పిట్లో మెత్తబడింది. సాచురేషన్ 88, 93, 97. ఆ మెత్తదనం ఏ బొమ్మా నాకు చెప్పలేదు.

1960లో నార్వేలో ఆటబొమ్మలు చేసే అస్ముండ్ లేర్డాల్ తయారుచేసిన రెససీ యాన్ అనే శిక్షణ బొమ్మ నోటితో ఊపిరి ఊదడం నేర్పడానికి పుట్టింది. ఆ పనికి సంచి చాలు. ఒక్క ఊపిరితిత్తితో నడిపే కేసుకు చాలదు. కోత చిన్నదైతే ఆపరేషన్ కూడా చిన్నదే అనుకునే బంధువులకు ఈ సంగతి ఎవరు చెప్తారు?

ఇప్పుడు మా టెక్నీషియన్ పిల్లలకు ఆదివారం మటన్ షాపు నుంచి మేక ఊపిరితిత్తులు తెస్తాను. "గొట్టం కోయకుండనే ఇయ్యాల్నా సార్?" అంటాడు షాపతను. ట్యూబ్ కట్టి ఊదితే మొదట మొండికేస్తుంది. ప్రెషర్ కాసేపు నిలిపితే ముడుచుకున్న ముదురు రంగు చోట్లు ఒక్కొక్కటే తెరుచుకుని గులాబీ రంగుకు తిరుగుతాయి. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. డబుల్ ల్యూమెన్ మాత్రం దీని మీద నేర్పను. మేకకు కుడి పై భాగానికి పోయే కొమ్మ నేరుగా శ్వాసనాళం నుంచే చీలుతుంది, మనిషి కొలతలు దానికి కుదరవు. చేతికి ఒత్తిడి తెలియడానికే ఇది.