రాజ్‌దూత్ 350: కార్బ్యురేటర్లు కడిగిన తరువాత ఐడిల్ నిలవకపోవడం

మీ రాజ్‌దూత్ 350 (రెండు సిలిండర్ల మోటారు సైకిలు) కార్బ్యురేటర్లను కడిగాక ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడవడం, నిలవడం లేదని కడప నుంచి అడిగారు. ప్లగ్గులు కొత్తవే అయినా ఒక సైలెన్సర్ వేడిగా, రెండవది దాదాపు చల్లగా ఉందన్నారు కనుక, విప్పి బిగించడంలో రెండు కార్బ్యురేటర్లలోని స్లైడ్లూ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారి ఇచ్చే ముక్కలు) ఒకేసారి లేవకుండా పోయి ఉండాలి. జెట్లను (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలను) మళ్లీ కదపకండి.

1. ఇంజన్ ఆపి, స్లైడ్లను లాగే రెండు యాక్సిలరేటర్ కేబుళ్లకూ సుమారు 1 మిల్లీమీటరు వదులు ఇవ్వండి. చాలామంది మరిచేది ఇదే: హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినా ఆ వదులు మిగలాలి, లేనిచో స్లైడ్ ఐడిల్ స్క్రూపై ఆనకుండా కేబుల్‌కు వేలాడుతుంది, అప్పుడు స్క్రూను ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

2. ఎయిర్ ఫిల్టర్ గొట్టాలు తీసి, యాక్సిలరేటర్‌ను మెల్లగా తిప్పుతూ స్లైడ్లను వేళ్లతో తాకి చూసి, వెనుకబడిన దాని కేబుల్ అడ్జస్టరును సరిచేయండి.

3. గొట్టాలు బిగించి, ఇంజన్ వేడెక్కాక రెండు ఐడిల్ స్క్రూలనూ సమంగా తిప్పండి. కడప ఎండలో మాత్రం వద్దు, తెల్లవారుజామున చేయండి. గాలితో చల్లబడే ఇంజన్, బండి కదలకుండా నడిస్తే త్వరగా కాగిపోతుంది.