ఏసీ ఫిల్టర్ సరే, బాబు దగ్గు సంగతేంటి?

ప్రశ్న: మాది విజయవాడ. వేసవి మొదలైనప్పటి నుంచి బెడ్‌రూమ్‌లో స్ప్లిట్ ఏసీ రాత్రంతా వేస్తున్నాం. మా బాబుకు 9 ఏళ్లు. రెండు నెలలుగా తెల్లవారుజామున దగ్గుతో లేస్తున్నాడు. మెడికల్ షాపులో అడిగి మాంటెలుకాస్ట్, లెవోసిట్రిజిన్ కలిసిన మాత్ర రోజూ వేస్తున్నాం. మరీ ఎక్కువైనప్పుడు షాపతను ఇచ్చిన చిన్న తెల్ల మాత్ర వేస్తే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. ఏసీ ఫిల్టర్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. పీఎం 2.5 ఫిల్టర్ పెట్టిస్తే దగ్గు తగ్గుతుందా? ఎన్నాళ్లకోసారి మార్చాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ఏసీ గురించి అడిగారు కానీ, నన్ను టెన్షన్ పెట్టింది ఆ చిన్న తెల్ల మాత్ర. పేరు రాయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ వేయగానే దగ్గు తగ్గి, ఆపగానే తిరగబెడుతోందంటే అది స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, డాక్టర్లం మేమూ రాస్తాం. అయితే పిల్లవాడి బరువు చూసి, ఇన్ని రోజులని లెక్కపెట్టి రాస్తాం. షాపులో అడిగినప్పుడల్లా ఇస్తుంటే పిల్లల ఎదుగుదల మీద, ఎముకల మీద దెబ్బ పడుతుంది, ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తీ తగ్గుతుంది. లోపల టీబీ లాంటిది ఉంటే కొన్నాళ్లు బయటపడదు కూడా. ఇకపై దాన్ని మీ అంతట మీరు వేయొద్దు. ఇప్పటికే వారాల తరబడి రోజూ వేస్తూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకుండా వెంటనే డాక్టర్‌కు చూపించి, ఎలా తగ్గించాలో అడగండి.

రోజూ వేసే అలర్జీ మాత్ర సంగతి కూడా చెప్పాలి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు మాంటెలుకాస్ట్ 5 మిల్లీగ్రాములే. పెద్దవాళ్ల మాత్రలో 10 ఉంటుంది. మీకు ఏది ఇచ్చారో స్ట్రిప్ మీద చూడండి. ఈ మందుతో కొందరిలో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరికే ఇచ్చింది. బాబు నిద్రలో ఉలిక్కిపడుతున్నా, ఊరికే కోపం తెచ్చుకుంటున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇక దగ్గు. రెండు నెలలు, అదీ తెల్లవారుజామున అంటే ముందు ఆస్తమా ఉందేమో చూడాలి. పరిగెత్తినా, గట్టిగా నవ్వినా దగ్గు వస్తోందా? పిల్లికూతలు వినిపిస్తున్నాయా? మీ ఇద్దరిలో ఎవరికైనా ఆయాసం, తుమ్ముల అలర్జీ ఉన్నాయా? పిల్లవాణ్ని చూడకుండా ఆస్తమా అని ముద్ర వేయలేను. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ పరీక్షను ఈ వయసు పిల్లలు బాగానే చేయగలరు, అది చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే టీబీ కాదని తేల్చుకోవాలి. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఒకవేళ ఇన్‌హేలర్ రాస్తే 'అలవాటైపోతుందేమో' అని పక్కన పెట్టకండి. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. షాపు మాత్రలకు భయపడని తల్లిదండ్రులు ఇన్‌హేలర్‌కు భయపడటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫిల్టర్ విషయానికొస్తే, స్ప్లిట్ ఏసీలో ముందు మూత ఎత్తగానే కనిపించే జాలీలు మార్చేవి కాదు, కడిగేవి. రోజూ వాడే రోజుల్లో రెండు వారాలకోసారి తీసి, వెనకవైపు నుంచి కుళాయి నీళ్లు పట్టి, నీడలో పూర్తిగా ఆరబెట్టి బిగించండి. చిరిగితేనే కొత్తవి. ఆ పని చేసేటప్పుడు బాబు ఆ గదిలో ఉండకూడదు. ఈ జాలీ పెద్ద దుమ్మునే ఆపుతుంది. పీఎం 2.5 ఫిల్టర్ విడిగా పెట్టించుకుంటే కొంత సన్న దుమ్ము తగ్గుతుంది, దాన్ని కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి. దానితోనే దగ్గు తగ్గుతుందని మాత్రం నేను చెప్పను.

ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తోందా? టార్చ్ వేసి లోపల తిరిగే బ్లోయర్ రెక్కలు చూడండి. నల్లగా మచ్చలుంటే అది బూజు కావచ్చు. జాలీ కడిగితే అది పోదు, పూర్తి సర్వీసింగ్ చేయించాలి. ఇంకో విషయం, మన ఇళ్లలో స్ప్లిట్ ఏసీలు మామూలుగా బయటి గాలిని లోపలికి తేవు, గదిలో గాలినే తిప్పుతుంటాయి. తలుపులన్నీ వేసి దోమల చుట్ట వెలిగిస్తే ఆ పొగంతా రాత్రంతా బాబు పీలుస్తాడు. చుట్ట మానేసి దోమతెర కట్టండి. గాలి మొహం మీదకు కొట్టకుండా తిప్పి, 25, 26 డిగ్రీల దగ్గర పెట్టండి. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. వాడిన మందుల స్ట్రిప్‌లన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. ఈలోగా ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, అది ఏ వేళైనా సరే, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.