అక్వేరియంలో పెంచే క్లౌన్‌ఫిష్ (చారల సముద్రపు చేప) పిల్లలు పుట్టిన రెండు మూడు రోజులకే ఎందుకు చనిపోతాయి?

ఎక్కువగా ఆకలితోనే. పుట్టినప్పుడు వాటి నోరు చాలా చిన్నది, పైగా కదిలే జీవుల్నే వేటాడతాయి. గప్పీ చేపపిల్లలకు వేసే పొడి మేతను దాదాపు పట్టించుకోవు. ఒంట్లోని కాస్త సొన అయిపోగానే నీరసించిపోతాయి.

ఉదాహరణకు, ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) పిల్ల సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది, మొదట్లో అది మింగుడుపడదు. అంతకంటే చిన్నవైన రోటిఫర్లు (నీటిలో ఈదే సూక్ష్మజీవులు) కావాలి. వాటిని పచ్చటి నాచునీళ్లలో గుడ్లలోంచి పిల్లలు రాకముందే పెంచుకోవాలి (అసలు పని ఇదే). వారం తర్వాత ఆర్టీమియా మొదలుపెట్టొచ్చు.

హైదరాబాద్‌లో సముద్రం లేదు, ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ కలిపినందుకే చనిపోయాయని చాలామంది అనుకుంటారు. ఆ నీళ్లలోనే కదా పెద్ద చేపలు గుడ్లు పెట్టింది!